కుట్టు లేని గుడ్డ గొట్టం

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో లారీలెక్కే ప్లాస్టిక్ నేత సంచిని తడిమి చూడండి. చాలావాటికి పక్క కుట్టే ఉండదు. అది గుండ్రటి మగ్గం పనితనం: చుట్టూ నిలిచిన పడుగు మధ్య నాలుగో ఆరో నాడెలు వలయంగా పరుగెడుతూ పేక చుడతాయి. గుడ్డ గొట్టంగానే పుడుతుంది.

అగ్నిమాపక గొట్టం తొడుగుదీ ఇదే నేత. లోపలి నీటి ఒత్తిడికి గొట్టం పొడవు వెంట కంటే చుట్టుకొలత వెంట రెట్టింపు బిగుసుకుంటుంది. ఆ భారమంతా పేకదే!

అసలు అబ్బురం ఆపరేషన్ థియేటర్లో ఉంది. 1950లలో హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ ఇంటి కుట్టుమిషన్ మీదే డెక్రాన్ అనే పాలియెస్టర్ గుడ్డను రక్తనాళంగా కుట్టారు. ఇప్పుడు బృహద్ధమనికి అతుకు లేకుండా నేసిన పాలియెస్టర్ గొట్టాలున్నాయి. అల్లిక గొట్టం కంటే బిగువైన నేతలోంచి రక్తం తక్కువ ఊరుతుంది. వంచినా నొక్కుకుపోకుండా వాటికి సన్నటి ముడతలు పెడతారు.