తెరమీది మ్యూజియం – ముంగిటి వేధశాల

అమీర్‌పేట, పంజగుట్ట అనగానే నేటి విద్యార్థికి ముందుగా స్ఫురించేవి కంప్యూటరు శిక్షణాలయాలు, మెట్రో రైలు స్టేషన్లు, ఎడతెగని జనసందోహం. అనేక ప్రాంతాలనుండి యువకులు ఇచ్చటికి వచ్చి, తెరమీద బొమ్మలను కదలించే విద్యను నేర్చి వెళ్లుచున్నారు. అయితే ఈ పేటలను ఆనుకొనియున్న బేగంపేటలో, ఒకప్పుడు నక్షత్రాలను లక్షల సంఖ్యలో కొలిచిన నిజామియా వేధశాల ఉన్నదని వారిలో ఎందరికి తెలియును? మరికొంత దూరం పోయినచో, మలేరియా క్రిమి దోమ కడుపు గోడలో పెరుగుచున్నట్లు 1897 ఆగస్టు 20న కనుగొన్న రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం కూడ కనబడును.

ప్రాంతీయ చరిత్రను, విజ్ఞానశాస్త్రాన్ని బోధించుటకు ‘వర్చువల్ మ్యూజియం’ అనే సాధనం ఇటీవల బాగా ప్రచారంలోకి వచ్చినది. అది పాఠశాలలకు ఏ మేరకు ఉపకరించుచున్నది, ఎచ్చట కొరత పడుచున్నది అనునది శ్రద్ధగా పరిశీలింపదగిన విషయం.

ఏమిటీ సాధనం?

మ్యూజియంలోని వస్తువులను కంప్యూటరు తెరమీద చూపించునదే వర్చువల్ మ్యూజియం. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లోను, భారత ప్రభుత్వ సాంస్కృతిక శాఖవారి ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లోను చూడవచ్చును. ఈ పోర్టల్‌కు ఆధారమైన ‘జతన్’ అను సాఫ్ట్‌వేరును పుణేలోని సీ-డాక్ సంస్థ తయారుచేసినది. నాగార్జునకొండ మ్యూజియం వస్తువులకు కూడ అందులో చోటు దొరికినది.

వస్తువును అన్ని వైపులనుండి చూపించుటకు ఒక చక్కని పద్ధతి ఉన్నది. ఒక శిల్పం చుట్టూ తిరిగి వందలకొలది ఛాయాచిత్రాలు తీసినచో, ఒకే బిందువు వేర్వేరు చిత్రాలలో కనబడిన కోణాలనుబట్టి ఆ బిందువు స్థానాన్ని కంప్యూటరు గణించును. సర్వేయరు రెండు చోట్లనుండి చూచి దూరపు కొండ ఎంత దూరమున్నదో లెక్కకట్టుటకును దీనికిని మూలసూత్రం ఒక్కటే. తొమ్మిదవ, పదవ తరగతులలో త్రిభుజాలు చదివిన విద్యార్థికి ఈ సంగతి చెప్పినచో, గణితం ఎందుకు నేర్చుకొనవలెనో ప్రత్యేకించి బోధింప నక్కరలేదు.

మేలు ఎంత?

ఈ సాధనం చేసిన మేలును తక్కువ చేయరాదు. నాగార్జునకొండ లోయలో 1954–60 సంవత్సరాల మధ్య విస్తృతంగా త్రవ్వకాలు జరిగినవి. తరువాత ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయినది. కొన్ని కట్టడాలను మాత్రం కొండమీదికి, అనుపుకు తరలించి తిరిగి నిర్మించినారు. నీటి అడుగున ఉన్న ఊరిని విద్యార్థికి మరల చూపగలది తెర ఒక్కటే. అట్లే అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. చెదరిపోయిన ఆ ఫలకాలను ఒకచోట చేర్చి చూపుట తెరమీద సాధ్యం. 2020లో కోవిడ్ కారణంగా మ్యూజియంల తలుపులు మూతబడినప్పుడు విద్యార్థులకు ఈ దారి ఒక్కటే మిగిలినది. హైదరాబాదు రాలేని మారుమూల పాఠశాలకు ఈ దారి నేటికిని అవసరమే.

కొరత ఎక్కడ?

మొదటి కొరత వివరణలో ఉన్నది. పోర్టల్‌లో ఒక వస్తువును తెరిచినచో దాని రిజిస్టరు సంఖ్య, పదార్థం, కొలతలు, కాలం వంటి వివరాలు వరుసగా కనబడును. మ్యూజియం అధికారికి ఇవి ఎంతో అవసరం. కాని పదమూడేళ్ల బాలునికి కావలసినది వేరు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారాన్నే తీసికొందము. గంట గంటకు చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టుట చూచుటకు జనం గుమిగూడుదురు. ‘ఆ బొమ్మను కదలించే శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నది? ఆ శక్తి ఒక్కసారిగా ఖర్చు కాకుండ ఆపుచున్నది ఏది?’ అని బాలుడు అడుగును. ఈ ప్రశ్నలకు చోటులేని పుట వస్తువుల జాబితా కాగలదే గాని పాఠం కాజాలదు. పైగా వివరణలు ప్రధానంగా ఇంగ్లీషులో ఉండుటచేత, తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థికి బొమ్మ మాత్రమే మిగులుచున్నది.

రెండవ కొరత పరిమాణానికి సంబంధించినది. తెరమీద ఉంగరమూ అరచేయంతే, రాక్షసిబల్లీ అరచేయంతే. గోదావరి లోయలోని యామనపల్లి వద్ద దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టినారు. దాని క్రింద నిలబడి తల ఎత్తి చూచిన బాలుడు ఆ ఎత్తును ఎన్నటికిని మరువడు. తెరమీద చూచిన బాలునికి ఆ అనుభవం లేదు. కనీసం ప్రక్కన ఒక మనిషి ఆకారాన్నయినను, కొలబద్దనయినను నిలుపుట కనీస ధర్మం.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. వర్చువల్ మ్యూజియం సాధారణంగా పూర్తియైన వస్తువును చూపును. ఆ వస్తువుతో మనుష్యులు చేసిన పనిని చూపదు. రాజుల కత్తులకు, పింగాణి పాత్రలకు ఈ లోపం అంతగా బాధకం కాకపోవచ్చును. విజ్ఞానశాస్త్రానికి మాత్రం ఇది ప్రాణాంతకం. దూరదర్శిని ఇత్తడి గొట్టాన్ని ఎంత అందంగా చూపినను, దానితో ఏమి కొలిచినారో చెప్పనిచో విద్యార్థి చూచినది గొట్టాన్నే.

వేధశాల ఒక ఉదాహరణ

నిజామియా వేధశాలను తెరకెక్కించవలెననుకొనువారు ఈ తేడాను గుర్తింపవలెను. నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో ఈ వేధశాలను స్థాపించినాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించినది. వేధశాల బేగంపేటకు మారినది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చినది. నేడు ఆ ఆవరణలో సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ సంస్థ ఉన్నది.

ఇంతవరకు చెప్పినది సామాన్య చరిత్ర. అసలు కథ ఇక్కడనుండి మొదలగును. ఆకాశమంతటిని ఛాయాచిత్రాలుగా తీసి పటం తయారుచేయవలెనని 1887లో పారిస్‌లో ఖగోళజ్ఞులు నిర్ణయించినారు. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, వివిధ దేశాల వేధశాలలకు పంచిపెట్టినారు. భారతదేశంనుండి ఇందులో పాల్గొన్నది హైదరాబాదు వేధశాల ఒక్కటే. దానికి దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ వచ్చినది. 8 అంగుళాల కుక్ దూరదర్శినితో ఫలకాలు తీసినారు. 1914లో డైరెక్టరుగా వచ్చిన ఆర్. జె. పోకాక్, ఆయన తరువాత టి. పి. భాస్కరన్ ఈ పనిని నడిపించినారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలవబడినవి.

ఇందులో విద్యార్థి స్వయంగా చేయదగిన లెక్కలు ఎన్నో ఉన్నవి. హైదరాబాదు అక్షాంశం ఉత్తరం 17.4 డిగ్రీలు. దక్షిణ క్రాంతి 20 డిగ్రీలుగల నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటునప్పుడు నడినెత్తినుండి 37.4 డిగ్రీలు క్రిందికి, అనగా క్షితిజంనుండి 52.6 డిగ్రీల ఎత్తున ఉండును. అక్షాంశం 48.8 డిగ్రీలుగల పారిస్‌లో అదే నక్షత్రం సుమారు 21 డిగ్రీల ఎత్తుకే వచ్చును. దట్టమైన గాలిపొర గుండా దానిని చూడవలసియుండును. ఆ పట్టీని హైదరాబాదుకు అప్పగించుటలోని ఔచిత్యం ఈ చిన్న లెక్కతో తెలియును.

ఈ పటాలలో ఒక మిల్లీమీటరు ఒక కళకు సమానం. చంద్రబింబం వ్యాసం సుమారు 31 కళలు. కాబట్టి ఫలకంమీద చంద్రుడు 31 మిల్లీమీటర్లు, ఇంచుమించు ఒక పాత రూపాయి నాణెమంత ఉండును. అంత చోటులో ఎన్ని నక్షత్రాలు పట్టునో, ఒక్కొక్కదానిని సూక్ష్మదర్శినితో చూచి కొలుచుటకు ఎంత ఓర్పు కావలెనో విద్యార్థి ఊహింపగలడు. ఫలకం చిత్రాన్ని, ఒక కొలబద్దను తెరమీద ఇచ్చి, ‘పది నక్షత్రాల స్థానాలు కొలిచి వ్రాయుము, నీ ప్రక్క విద్యార్థి కొలతతో పోల్చుము’ అని అడిగిన నాడు వర్చువల్ మ్యూజియం ప్రయోగశాలగా మారును. ఇద్దరి కొలతలు సరిపోకపోవుట చూచినప్పుడే, కొలతలో తప్పిదం అంటే ఏమిటో బోధపడును.

ఆ పాత కొలతలకు నేడు విలువ లేదనుకొనుట పొరపాటు. నక్షత్రాలు స్థిరంగా కనబడినను, అతి నెమ్మదిగా కదలుచునే ఉన్నవి. హిప్పార్కస్ ఉపగ్రహం 1989–93 మధ్య నక్షత్రాల స్థానాలను కొలిచినది. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, ఆ ఉపగ్రహపు కొలతలను శతాబ్దం నాటి ఫలకాల కొలతలతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాల చలనాలను తెలిపినది. ఎంత గొప్ప ఉపగ్రహమైనను గడచిన కాలాన్ని తిరిగి కొలువజాలదు. ఆనాడు బేగంపేటలో చలిరాత్రులు మేలుకొన్నవారి శ్రమ ఆ విధంగా రోదసీయుగానికి పనికివచ్చినది.

ఉపాధ్యాయులు చేయవలసినది

తెర ఉన్నది గదా అని వస్తువును, స్థలాన్ని విడువరాదు. ముందు ప్రశ్న, తరువాత తెర, చివరకు స్థలదర్శనం — ఈ క్రమం మంచిది. దగ్గరి పాఠశాలలవారు అనుమతి పొంది విద్యార్థులను ఆ ఆవరణకు తీసికొనిపోవచ్చును; దూరపువారు తెరమీద చూచి, తమ ఊరి పాత బావినో, కోటగోడనో, శాసనాన్నో ఇదే పద్ధతిలో కొలిచి చిత్రించవచ్చును. ఒక సెల్‌ఫోను, ఒక టేపు, ఓపిక ఉన్నచో ప్రతి పాఠశాలయు తన చిన్న మ్యూజియాన్ని తానే తయారుచేసికొనగలదు. వివరణ తెలుగులో వ్రాయుట విద్యార్థుల పనియే కావలెను. వ్రాసినప్పుడు గాని తెలిసినదేదో, తెలియనిదేదో బయటపడదు.

అమీర్‌పేటలో తెరమీద బొమ్మలు కదలించే విద్యకు కొదువ లేదు. దాని ముంగిట నిలిచిన వేధశాలలో ఆ విద్యకు తగిన విషయానికీ కొదువ లేదు. ఈ రెండింటిని కలుపగల ప్రశ్న మాత్రం తరగతి గదిలో పుట్టవలెను. ఫలకాలు పగిలిపోవచ్చును, గోడలు కూలవచ్చును. వానిని గురించి అడిగే విద్యార్థి లేనినాడు, ఎంత మంచి చిత్రం తీసి దాచినను దానిని తెరిచి చూచువారుండరు.