గులాం అహ్మద్: గాల్లోనే బోల్తా కొట్టించిన ఆఫ్ స్పిన్నర్

1956 నవంబరు 2న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో హైదరాబాదీ గులాం అహ్మద్ ఆస్ట్రేలియా తొలి ఇన్నింగ్స్‌ను కుప్పకూల్చాడు: 49 పరుగులకు 7 వికెట్లు. రెండో ఇన్నింగ్స్‌లో మరో మూడు. అయినా అవతల రిచీ బెనో 11 వికెట్లు పడగొట్టడంతో మనం 94 పరుగులతో ఓడాం.

ఆఫ్ స్పిన్ చూడ్డానికి తేలిక. చూపుడు వేలితో కుట్టు మీద పట్టు బిగించి, తలుపు గుబ్బ తిప్పినట్టు మణికట్టు తిప్పి వదలాలి. పడ్డ బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ వైపు లోపలికి వస్తుంది. అసలు విద్య దానికి ముందుంది. గులాం పొడగరి, చెయ్యి బాగా ఎత్తు నుంచి దించేవాడు. అంత ఎత్తు నుంచి వచ్చిన బంతి బ్యాట్స్‌మన్ కళ్లకు పైగా లేచి, అందుతుందనిపించి, తీరా ముందుకొచ్చేసరికి ఒక అడుగు ముందే పడుతుంది. తొందరపడి ఆడితే షార్ట్ లెగ్ చేతిలో క్యాచ్. వెనకడుగు వేస్తే ఎల్బీడబ్ల్యూ భయం. ఈ మధ్యలో తిరగకుండా నేరుగా వచ్చే బంతి ఒకటి. ఎంత తిరిగింది అన్నదానికన్నా ఎక్కడ పడింది అన్నదే ఇందులో ముఖ్యం.

దీనికి కావలసింది ఓర్పు, అది గులాంకు కొండంత. 1950-51లో హోల్కర్ జట్టు మీద ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. 245 పరుగులిచ్చి 4 వికెట్లు. ఆ ఎండలో, ఆ వేళ్లతో, 555 బంతులు! 1952లో లీడ్స్‌లో 63 ఓవర్లు వేసి 100 పరుగులకు 5 వికెట్లు తీశాడు. కానీ జనానికి గుర్తున్నది రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ ట్రూమన్ ధాటికి మనవాళ్లు సున్నాకి నాలుగు వికెట్లు పోగొట్టుకోవడమే.

అంతకు నాలుగు నెలల ముందు, ఫిబ్రవరిలో, మద్రాసులో భారత్ తొలి టెస్టు విజయం సాధించింది. 12 వికెట్లు తీసిన మన్కడ్ పేరు అందరికీ తెలుసు. రెండో ఇన్నింగ్స్‌లో గులాం తీసిన నాలుగింటిని తలచేవారు తక్కువ. అది అన్యాయమే.

బ్యాటింగ్‌లో ఆయన చివరివాడు. అయినా 1952 అక్టోబరులో ఢిల్లీలో, పాకిస్తాన్ ఆడిన మొట్టమొదటి టెస్టులో, 50 కొట్టి హేమూ అధికారితో పదో వికెట్‌కు 109 పరుగులు జోడించాడు. 2004లో సచిన్, జహీర్ దాటేదాకా మన దేశానికి అదే రికార్డు. 1955 నవంబరులో ఫతే మైదానంలో హైదరాబాదు చూసిన తొలి టెస్టుకు కెప్టెన్ కూడా ఆయనే.

22 టెస్టులు, 68 వికెట్లు. లెక్క చిన్నదే, కానీ ఆ బౌలింగ్‌కు 22 టెస్టులు చాలా తక్కువ. తర్వాత బోర్డు కార్యదర్శి అయ్యాడు. 1983 ప్రపంచకప్పుకు కపిల్ జట్టును ఎంపిక చేసిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఆ విద్య మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు, అర్షద్ అయూబ్ 13 టెస్టుల్లో 41 వికెట్లు తీశారు. ఇద్దరూ హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్లే.