పాత ప్రాసెసరుల గుర్తింపు: పేరును నమ్మవచ్చునా?

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బొమ్మెర గ్రామం పోతన పేరుతో తెలుగువారందరికీ పరిచితమే. పోతన భాగవతమని మనం చెప్పుకొనే గ్రంథంలో పంచమస్కంధం గంగనదనీ, షష్ఠస్కంధం సింగనదనీ, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారాయణవనీ సాహిత్యం చదువుకొన్నవారికి తెలుసు. గ్రంథం పేరు ఒకటే. రచించిన చేతులు నాలుగు. పేరు చూసి ఊరుకోక లోపలి నడక చూడడమే పరిష్కర్త చేసే పని. తాళపత్ర ప్రతులను వేరుపరిచేటప్పుడు కూడ ఆయనకు ఎక్కువగా తోడ్పడేవి లేఖకుల తప్పులే. ఒకే తప్పు రెండు ప్రతులలో కనిపిస్తే ఆ రెండూ ఒకే మాతృక నుంచి వచ్చి ఉంటాయని ఆయన ఊహిస్తాడు.

గణనయంత్రాలలోని ప్రాసెసరు అనే చిప్పు విషయంలో కూడ సరిగా ఇదే పద్ధతి అవసరం. ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి అమలు జరిపేది ప్రాసెసరు. దానిని తయారుచేసిన సంస్థ ఒక అంకె పేరు పెట్టి అమ్ముతుంది. అదే పేరుతో కొన్నేళ్ళపాటు లోపల సవరణలు చేస్తూ ఉంటుంది. ఇతర సంస్థలు అనుమతి పొంది అదే పేరుతో తామూ తయారుచేస్తాయి. ఇట్టి పాత చిప్పులను గుర్తించడానికి నేడు మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పైనున్న అచ్చు చదవడం ఒకటి. తెలిసిన లోపాలను వెదకడం రెండవది. చిప్పుచేతనే జవాబు చెప్పించడం మూడవది. వీటిలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో, మన పాఠాలు ఈ విషయంలో ఎక్కడ వెనకబడ్డాయో పరిశీలిద్దాం.

అచ్చుగుర్తులు చెప్పేదెంత?

మన ప్రాంతపు పాలిటెక్నిక్కులలో, ఇంజనీరింగు కళాశాలలలో చదివినవారికి బాగా తెలిసిన చిప్పు ఇంటెల్ 8085. అది 1976లో వచ్చింది. 40 కాళ్ళ తొడుగులో సుమారు 6,500 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. ముందరి 8080కి మూడు రకాల వోల్టేజీలు కావలసి ఉండగా దీనికి 5 వోల్టులు ఒక్కటే చాలు. ఆ చివరి 5 దానికే గుర్తు.

దీనిపై ‘పి8085ఏహెచ్-2’ అని ఉన్నదనుకొందాం. మొదటి అక్షరం తొడుగును చెపుతుంది: ‘పి’ అయితే ప్లాస్టిక్కు, ‘డి’ అయితే రెండు పలకలను గాజుతో అతికిన ముదురురంగు పింగాణీ, ‘సి’ అయితే తెల్లని పింగాణీ. ‘ఏ’ అన్నది సవరించిన రూపకల్పనకు గుర్తు. ‘హెచ్’ అన్నది మెరుగుపరచిన తయారీ విధానానికి. చివరి అంకె వేగాన్ని సూచిస్తుంది. ఇక్కడే మొదటి చిక్కు వచ్చిపడుతుంది. అంకె పెరిగితే వేగం పెరుగుతుందని ఎవరైనా అనుకొంటారు. కాని ఏ అంకె లేని చిప్పు 3 మెగాహెర్ట్‌జులది, ‘2’ ఉన్నది 5 మెగాహెర్ట్‌జులది, ‘1’ ఉన్నది 6 మెగాహెర్ట్‌జులది. 8086లోనూ అంతే: వరుసగా 5, 8, 10.

రెండవ చిక్కు సంవత్సరం. చిప్పుపై కనిపించే ‘1978’ వంటి అంకె సాధారణంగా రూపకల్పన హక్కు నమోదైన ఏడు. అది తయారైన ఏడు కాదు. 8088 అనే చిప్పు లోకానికి పరిచయమైనదే 1979లో; అయినా దానిపై ’78 అని ఉంటుంది. తయారైన కాలం తెలియాలంటే మరొక వరుస చూడాలి. ఇంటెల్ పద్ధతిలో మొదటి అక్షరం కర్మాగారానిది, తరువాతి అంకె సంవత్సరపు చివరి అంకె, ఆ తరువాతి రెండంకెలు ఆ ఏటి వారపు సంఖ్య. అక్షరం తరువాత 523 అని ఉంటే 5తో ముగిసే సంవత్సరంలో 23వ వారమన్నమాట. అది 1985 అవునా, 1995 అవునా అన్నది ఆ వరుస చెప్పదు. తొడుగు, హక్కు సంవత్సరం, చిప్పు ఉన్న బోర్డు, పక్కనున్న ఇతర చిప్పుల తేదీలు కలిపి చూసి నిర్ణయించవలసి ఉంటుంది.

మూడవ చిక్కు మోసం. పాత అచ్చును అరగదీసి, నల్లపూత పూసి, కొత్త పేరు అచ్చువేసి అమ్మడం చాలా కాలంగా ఉన్నదే. 1990 దశకంలో తక్కువ వేగపు పెంటియం చిప్పులకు ఎక్కువ వేగపు అంకె వేసి అమ్మారు. కేసముద్రం మార్కెట్టులో ధాన్యం కొనేవాడు బస్తాపై రాసింది చదివి ధర కట్టడు. చేయి పెట్టి గింజ తీసి చూస్తాడు. పాత చిప్పుల జాబితాలు తయారుచేసేవారిలో చాలామంది మాత్రం బస్తాపై రాసినదానితోనే తృప్తి పడుతున్నారు. అచ్చు చదవడం అవసరమే. కాని అది సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

లోపమే ఆనవాలు

రెండవ పద్ధతి మొదటిదానికంటె లోతైనది. 8088నే తీసుకొందాం. 1981 ఆగస్టులో ఐబీఎం ప్రకటించిన వ్యక్తిగత గణనయంత్రంలో ఉన్నది ఈ చిప్పే. పని మధ్యలో విడిచి మరలా అందుకోవడానికి కావలసిన వివరాలను ప్రాసెసరు జ్ఞాపకశక్తిలో ‘స్టాక్’ అనే చోట పెట్టుకుంటుంది. 8088లో ఆ చోటు చిరునామా రెండు భాగాలుగా ఉంటుంది. ఒక భాగం మార్చి రెండవది మార్చేలోపల బయటినుంచి అంతరాయం వచ్చిందా, సగం కొత్తది, సగం పాతది అయిన తప్పుడు చిరునామాలో వివరాలు పడిపోతాయి. ఇలా జరగకుండ మొదటి భాగం మార్చిన వెంటనే ఒక ఆదేశం పూర్తి అయ్యేవరకు అంతరాయాన్ని ఆపాలి. తొలి చిప్పులు ఆపలేదు. తరువాత సరిచేశారు. ’78 ఒక్కటే అచ్చయినవి తొలివని, ’78 ’81 అని రెండూ అచ్చయినవి సవరించినవని సంగ్రాహకులు గుర్తిస్తున్నారు.

అచ్చును నమ్మనక్కరలేకుండ పరీక్షించే ఉపాయం కూడ ఇందులోనే ఉన్నది. ఆదేశాలను ఒక్కొక్కటిగా ఆపుతూ నడిపిస్తే, సవరించిన చిప్పు ఆ మొదటి భాగాన్ని మార్చినప్పుడు వెంటనే ఆగదు. తరువాతి ఆదేశాన్ని కూడ ముగించి అప్పుడు ఆగుతుంది. తొలి చిప్పు మధ్యలోనే ఆగుతుంది.

1985లో వచ్చిన 80386కు 1987లో మరొక చిక్కు బయటపడింది. కొన్ని చిప్పులు 32 బిట్ల గుణకారంలో తప్పు జవాబు ఇచ్చాయి. పరీక్షలో నెగ్గినవాటిపై గ్రీకు అక్షరం సిగ్మాను రెండుసార్లు ముద్రించారు. తప్పినవాటిని 16 బిట్ల ప్రోగ్రాములకే అన్న ముద్రతో అమ్మారు. ఇక పెంటియం సంగతి జగమెరిగినదే. 1994లో థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు ఆ చిప్పు భాగహారంలో తప్పు కనుగొన్నాడు. భాగహారానికి చిప్పులో ఉంచిన పట్టికలో కొన్ని విలువలు లోపించడం దీనికి కారణం. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి; లోపమున్న చిప్పు 1.33373 అని చెప్పింది. మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47 కోట్ల 50 లక్షల డాలర్ల నష్టం చూపవలసి వచ్చింది. పెంటియం అన్న పేరూ, వేగపు అంకే తెలిస్తే మాత్రం ఇందులో ఏది మంచిదో, ఏది చెడ్డదో చెప్పలేము. సవరణ సంఖ్య తెలియాలి.

అయితే ఈ పద్ధతికీ ఒక హద్దు ఉన్నది. లోపం కనిపిస్తే పాత సవరణ అని నిశ్చయంగా చెప్పవచ్చు. కనిపించకపోతే చిప్పు సవరించినదని మాత్రమే తెలుస్తుంది. ఎవరు తయారుచేశారో, ఎన్నవ సవరణో తెలియదు.

చిప్పునే అడగడం

భూపాలపల్లి బొగ్గూ, మరోచోటి బొగ్గూ చూపుకు నలుపే. శ్రేణి నిర్ణయించేది రంగు కాదు, కాల్చినప్పుడు వచ్చే ఉష్ణం. అదే విధంగా చిప్పుకు ఒక పని ఇచ్చి, దాని ప్రవర్తననుబట్టి పోల్చుకోవడం మూడవ పద్ధతి.

ఒక బైటులో 256 సంకేతాలు ఇముడుతాయి. 8080 వాటిలో 244 వాడుకొన్నది, 12 మిగిలాయి. 8085 కొత్తగా రెండింటిని చేర్చుకొన్నట్లు తయారీదారు చెప్పాడు: మొత్తం 246. మిగతా పదింటి మాట ఎత్తలేదు. కాని అవి ఖాళీవి కావు. ఆ పది ఆదేశాలూ, రెండు అదనపు ఫ్లాగులూ చిప్పులో పనిచేస్తూనే ఉన్నాయని 1979లో డేన్‌హార్ట్, సోరెన్‌సెన్ అనే ఇద్దరు ప్రకటించారు.

పాఠకులలో కిట్టు అందుబాటులో ఉన్నవారు ఈ సంకేతాలను పదహారు ఆధారపు అంకెలలో ఎక్కించి చూడవచ్చు: 21 05 00, 01 02 00, 08, ఆపైన 22, దాని వెంట ఆ కిట్టులో ఖాళీగా ఉన్న ఒక జ్ఞాపకస్థానపు చిరునామా, చివర ఆ కిట్టు పద్ధతిలో ముగింపు. ఒక జంట రిజిస్టర్లలో 5, మరొక జంటలో 2 పెట్టి 08 అనే సంకేతాన్ని నడిపి, ఫలితాన్ని నిలవచేయడమే ఈ ప్రోగ్రాము. 8085 అయితే 08ని తీసివేతగా గ్రహిస్తుంది, 3 వస్తుంది. 8080 దానిని పట్టించుకోదు, 5 మిగులుతుంది. జైలాగ్ సంస్థవారి జెడ్80లోనూ 5 మిగులుతుంది. కాని దానికి 08 వేరే అర్థం: అక్యుములేటరునూ, ఫ్లాగులనూ వాటి జోడుతో తారుమారు చేస్తుంది. ఈ రెండింటినీ విడదీయడానికి 127కు 1 కూడితే సరి. 8080లో సరిబేసి చూపే ఫ్లాగు 0 అవుతుంది. జెడ్80లో అదే ఫ్లాగు పొంగుదలను చూపి 1 అవుతుంది.

ఈ పద్ధతి తరువాతి చిప్పులకూ వర్తిస్తుంది. 8088 గూటిలోనే ఇమిడే ఎన్ఈసీ వి20 ఒకానొక సవరింపు ఆదేశంలో ఆధార సంఖ్య ఏది ఇచ్చినా 10గానే తీసుకుంటుంది. ఇంటెల్ చిప్పు ఇచ్చినదానినే తీసుకుంటుంది. 80386 విద్యుత్తు అందగానే తన నమూనానూ, సవరణనూ ఒక రిజిస్టరులో ఉంచుతుంది. 1993లో పెంటియంతో పాటు సీపీయూఐడీ అనే ఆదేశమే వచ్చింది. అడిగితే వంశం, నమూనా, సవరణ మూడూ చెపుతుంది. అయితే చిప్పు తన వంశం చెప్పగలదుగాని, ఏ వేగానికి పరీక్షించి అమ్మారో, ఏ వారంలో తయారైనదో చెప్పలేదు. అందుకు మరలా అచ్చు దగ్గరికే రావాలి. కాబట్టి మూడు పద్ధతులలో ఏ ఒక్కటీ చాలదు. ఒకదాని మాటను మరొకటి బలపరచినప్పుడే గుర్తింపు పూర్తి అయినట్లు.

పాఠాల మౌనం

మన కళాశాలలలో చెప్పే పాఠాలు సాధారణంగా 246 దగ్గర ఆగుతాయి. ఇందుకు ఒక న్యాయం లేకపోలేదు. తయారీదారు హామీ ఇవ్వని ఆదేశాన్ని వాడవద్దని విద్యార్థికి చెప్పడం మంచి అలవాటే. కాని వాడవద్దనడం వేరు, లేదనడం వేరు. 256లో 10 ఏమైనవని విద్యార్థి అడగకుండానే పరీక్ష ముగుస్తున్నది. చిప్పు చేసేదానికీ, పుస్తకం చెప్పేదానికీ తేడా ఉండవచ్చునన్న విజ్ఞానశాస్త్ర ప్రథమపాఠం నేర్పడానికి ఇంతకంటె చవకైన ఉపకరణం దొరకదు. మనం దానిని వాడుకోవడం లేదు.

నేడు కిట్టుకు బదులు కంప్యూటరుపై నడిచే అనుకరణ ప్రోగ్రాములు వచ్చాయి. నేర్చుకోవడానికి అవి సులువే. కాని పుస్తకాన్నిబట్టి రాసిన అనుకరణకు పుస్తకంలో ఉన్నదే తెలుస్తుంది. 08 సంకేతం ఇస్తే అది తప్పని తిరస్కరించవచ్చు. అసలు చిప్పు తిరస్కరించదు. పుస్తకం దాచిన సత్యం చిప్పులోనే ఉన్నది. చిప్పు పోతే ఆ సత్యాన్ని సరిచూసుకొనే ఆధారం పోతుంది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. తెల్లని పింగాణీ తొడుగు, బంగారుపూత కాళ్ళు ఉన్న పాత చిప్పులను ఆ బంగారం కోసం కరిగించడం లోకమంతటా జరుగుతున్నది. పనికిరావని తీసివేసిన కిట్టులు తూకానికి పోతే వాటి దారీ అదే.

మన రాష్ట్రానికి ఈ విషయంలో ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. 1967లో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో హైదరాబాదులో స్థాపితమైన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 యంత్రాలనూ, ఆపైన సూక్ష్మప్రాసెసరుతో మైక్రో-78నూ తయారుచేసింది. 1969 నాటి టీడీసీ-12 వంటి యంత్రంలో ప్రాసెసరు ఒక చిప్పు కాదు. అనేక బోర్డుల కూర్పు. అట్టివాటిని గుర్తించాలంటే ప్రతి బోర్డుపై ఉన్న సంఖ్య, సవరణ అక్షరం, చేతితో వేసిన తీగె మార్పు, చిప్పుల తేదీలు నమోదు కావాలి. టీడీసీ-316 అన్న పేరు మాత్రం రాసిపెట్టుకొంటే చాలదు.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రయోగశాల అధ్యాపకులు పాత కిట్టును తీసివేసేముందు రెండు వైపులా ఛాయాచిత్రం తీయించి, చిప్పులపై ఉన్న ప్రతి వరుసనూ ఉన్నదున్నట్లు రాయించి, పైన చెప్పిన పరీక్ష ఫలితాన్ని పక్కన చేర్చితే ఒక పుట సరిపోతుంది. రాసినదానిలో ఏది అచ్చులో చూసినది, ఏది పరీక్షలో తేలినది, ఏది ఊహ అన్న మూడింటినీ వేరుగా ఉంచాలి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి విద్యార్థులు తమ కళాశాలలో ఒక్కొక్క కిట్టుకు ఒక్కొక్క పుట చొప్పున రాసినా, వాడిన చిప్పుల చరిత్రకు అచ్చు జాబితాలకంటె నమ్మదగిన ఆధారం ఏర్పడుతుంది. కిట్టు తూకానికి పోయిన తరువాత ఆ పుట రాయడం ఎవరికీ సాధ్యం కాదు.