వెనక బండికి బ్రేకు ఎవరు వేస్తారు?

ఒక బండిని నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి మరో బండి వెనక తీసుకుపోవాలంటే ఐదు పనులు కుదరాలి. లాగాలి, మలుపుల్లో తిప్పాలి, ఆపాలి, వెనక వచ్చేవాళ్ళకు కనిపించాలి, కట్టు ఊడితే బండి ఎటో పోకుండా పట్టుకోవాలి. తాడేపల్లిగూడెం రోడ్ల మీద మొదటి పనికి తప్ప మిగతా నాలుగింటికీ ఏర్పాటు కనిపించదు. ఈ వారం గుండుగొలను వైపు నుంచి వచ్చిన లారీ వెనక ఒక బొలెరో పికప్ ఉంది. అందులో ఖాళీ చేపల ట్రేలున్నాయి. రెండు బండ్లకీ మధ్య చెరువులో వల లాగే నైలాన్ మోకు కట్టారు. దానికి ఎర్రగుడ్డ పీలిక కూడా లేదు.

ఇదే పనిని అమెరికాలో సరదా ప్రయాణాల కోసం చేస్తారు. అక్కడి మోటర్‌హోమ్ మన సినిమావాళ్ళ కారవాన్ లాంటిదే, కాకపోతే కుటుంబమే దాన్ని నడుపుకుంటూ ఊళ్ళు తిరుగుతుంది. దాన్ని ఒకచోట నిలిపాక చుట్టుపక్కల తిరగడానికి చిన్న బండి కావాలి కాబట్టి జీపునో పికప్‌నో వెనక తగిలించుకుని బయలుదేరతారు. వెనక బండిలో ఎవరూ కూర్చోరు. ఆ లేని మనిషి చెయ్యాల్సిన పనులన్నీ సామగ్రే చెయ్యాలి.

మొదటిది బేస్‌ప్లేటు. పికప్ ముందు బంపరు లాగుడుకు ఆగదు కనుక, దాని వెనక ఛాసిస్‌కు ఈ ఇనుప చట్రాన్ని బోల్టులతో బిగిస్తారు. దానికీ మోటర్‌హోమ్ హుక్కుకూ మధ్య ఇంగ్లీషు 'ఎ' అక్షరం ఆకారంలో ఉండే టోబార్ వస్తుంది. అది కడ్డీ కాబట్టి వెనక బండి ముందు బండిని గుద్దదు, దాని దారినే అనుసరిస్తుంది. బార్ మోయగల బరువు పికప్ బరువు కంటే ఎక్కువ ఉండాలి. రెండు కొసల ఎత్తుల్లో తేడా నాలుగంగుళాలు దాటకూడదు. దాటితే బ్రేకు పడినప్పుడు వెనక బండి ముందుదాని కిందికి దూరడానికో పైకి ఎక్కడానికో చూస్తుంది. బార్ కింద రెండు సేఫ్టీ గొలుసులు కత్తెర ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా తగిలిస్తారు. బార్ ఊడినా నేలకు గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది. ముందు బండి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు వెనక బండిలోనూ వెలిగేలా ఒక వైరు కలుపుతారు.

అసలు సంగతి బ్రేకు. రెండు టన్నులు దాటే పికప్ వెనక ఉంటే ముందు బండి బ్రేకులు రెండు బండ్లనూ ఆపాలి. అందుకని వెనక బండిలో, ముందు బ్రేకు పడగానే తానూ పెడల్ తొక్కే యంత్రం పెడతారు. బార్ పూర్తిగా తెగిపోతే చిన్న కేబుల్ ఒక పిన్నును లాగేస్తుంది, ఆ క్షణమే వెనక బండికి బ్రేకు పడుతుంది. గేర్‌బాక్సు సంగతీ చూడాలి. చాలా ఆటోమేటిక్ బండ్లలో ఇంజను తిరిగితేనే గేర్ ఆయిల్ పంపు నడుస్తుంది. ఇంజను ఆపి మైళ్ళకొద్దీ లాగితే లోపలి భాగాలు నూనె లేక కాలిపోతాయి. అందుకే ట్రాన్స్‌ఫర్ కేసులో న్యూట్రల్ ఉన్న ఫోర్‌వీల్ పికప్‌లనే ఎంచుకుంటారు, లేదంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేస్తారు. ఇంత చేసినా రివర్స్ మాత్రం కుదరదు. వెనక్కి నెట్టగానే పికప్ ముందు చక్రాలు ఓ పక్కకు తిరిగిపోయి బార్ వంగిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు చూస్తే మన ట్రాక్టరు ట్రక్కులు గుర్తు రాక మానవు. డెల్టాలో కడ్డీతో లాగే విద్య కొత్తది కాదు. దాళ్వా కోతలైతే చాలు, గూడెం రైసుమిల్లుల దారిన ధాన్యం ట్రక్కులు బారులు తీరతాయి. ట్రక్కు ముందరి కొక్కేన్ని ట్రాక్టరు డ్రాబార్‌కు కలిపేది ఒక్క పిన్ను. ఆ పిన్ను కింద క్లిప్పు ఉండాలి. చాలాచోట్ల క్లిప్పు బదులు కట్టుతీగ ముక్క మెలితిప్పి ఉంటుంది. గతుకులో పిన్ను ఎగిరితే ఆ తీగ ఒక్కటే ఆధారం. సేఫ్టీ గొలుసు ఎక్కడా కనిపించదు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకు లేదు. కాలువ వంతెన దిగేటప్పుడు బస్తాల బరువు ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కితే ట్రక్కు పక్కకు మళ్ళి ట్రాక్టరునే తిప్పేస్తుంది. రాత్రిపూట వెనక లైటుండదు, రిఫ్లెక్టరు మీద మట్టి. మోటర్‌సైకిలు మీద వచ్చేవాడికి ట్రక్కు తలుపు దగ్గరకొచ్చేదాకా కనపడదు. క్లిప్పు, గొలుసు, రేడియం స్టిక్కర్లు, అన్నీ కలిపినా ఒక్క టైరు ఖరీదు కాదు. ట్రాక్టరు మీద లక్షలు పెట్టిన రైతు ఇంతమాత్రం పెట్టలేడని ఎవరూ అనరు.

మరి టోబార్లు, బ్రేకు యంత్రాలు తెప్పించుకుంటే మన కష్టం తీరుతుందా? తీరదు. లాగబడే బండి డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలని, లేదా స్టీరింగు చక్రాలు నేల నుంచి పైకి లేచి ఉండాలని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాశారు. చెడిపోయిన బండిని దగ్గరి గ్యారేజీ దాకా లాగడానికే అనుమతి. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. తాడు అందరికీ కనిపించాలి. వెనక బండికి తెల్ల పలక మీద 75 మిల్లీమీటర్ల నల్లక్షరాలతో 'ఆన్ టో' అని బోర్డుండాలి.

ఈ అంకెల్లో అర్థం ఉంది. 25 కిలోమీటర్ల వేగంలో 5 మీటర్లు దాటడానికి సెకను కూడా పట్టదు. తాడు కట్టినప్పుడు వెనకవాడికున్న వ్యవధి అంతే. పైగా ఇంజను ఆగిన పికప్‌లో బ్రేకు బూస్టర్ పనిచెయ్యదు. పెడల్ రాయిలా ఉంటుంది, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది, తాళం తీస్తే స్టీరింగే లాకవుతుంది. నైలాన్ మోకు సాగి తెగితే దాని కొసనున్న హుక్కు అద్దం పగలగొట్టుకుని లోపలికి వస్తుంది. గాలి బ్రేకుల లారీలో గాలి పోతే చక్రాలు బిగుసుకుంటాయి, అది తాడుకు కదలనే కదలదు. మాన్యువల్ గేర్ల పికప్‌ను న్యూట్రల్‌లో దూరం లాగినా నష్టమే, నూనె చిమ్మే కౌంటర్ షాఫ్ట్ తిరగదు.

కాబట్టి మన పికప్‌కు కావలసిన సామగ్రి కొద్దిదే: తాడు బదులు ఒక ఇనుప కడ్డీ, రెండు షాకిళ్ళు, ఒక గొలుసు, ఎర్రగుడ్డ, బోర్డు, హజార్డ్ లైట్లు, సీట్లో బ్రేకు మీద కాలు పెట్టిన లైసెన్సున్న డ్రైవరు. ఆ మనిషి అందుబాటులో లేకపోయినా, బ్రేకులు పోయినా, గ్యారేజీ దూరమైనా లాగడం మానేసి బండిని లారీ మీదికి ఎక్కించాలి. ఏలూరు–కైకలూరు రోడ్డులాగా రెండు పక్కలా నీళ్ళున్న కొల్లేరు దారుల్లో ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033కు ఫోన్ చెయ్యండి. క్రేన్ వచ్చేదాకా ఆగడం వల్ల పోయేది కాస్త సమయమే.