అబ్దుల్లా, దేవదాసు

దేవదాసు అనగానే తెలుగువాడికి గడ్డం, సీసా, పక్కన కుక్క కనిపిస్తాయి. శరత్ నవల 1917లో అచ్చయింది. 1953లో అక్కినేని ఆ వేషం కట్టాక ఆ పేరు పూర్తిగా సినిమా సొత్తయిపోయింది. ఆ బొమ్మను కాసేపు పక్కనపెట్టి పేరును పేరుగా చూస్తే, అరబ్బీలో దానికి అచ్చమైన జంట ఒకటి దొరుకుతుంది: అబ్దుల్లా. అబ్ద్ అంటే దాసుడు, అల్లా అంటే దేవుడు. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు బిడ్డను ఒకే మాటతో పిలిచాయి. అయితే అర్థం ఒకటే అయినా ఈ రెండు పేర్లూ చేసే పని ఒకటి కాదు.

అబ్దుల్లా ఇస్లాంకన్నా పాత పేరు. ముహమ్మద్ ప్రవక్త తండ్రి పేరే అబ్దుల్లా. కొడుకు పుట్టకముందే ఆయన కన్నుమూశాడు. ఆనాటి మక్కాలో అబ్ద్ పక్కన ఏ దైవమైనా చేరేది. సూర్యుడి దాసుడు అబ్ద్ షమ్స్, ఉజ్జా దేవత దాసుడు అబ్దుల్ ఉజ్జా. ప్రవక్త తాత పేరుకైతే మరీ చిత్రమైన కథ ఉంది. ఆయన అసలు పేరు షైబా. తర్వాత మదీనా అయిన యస్రిబ్‌లో తల్లి దగ్గర పెరుగుతున్న ఆ పిల్లవాణ్ణి తండ్రి తోబుట్టువు ముత్తలిబ్ ఒంటె మీద వెనక కూర్చోబెట్టుకుని మక్కాకు తెచ్చాడు. చూసినవాళ్ళు ముత్తలిబ్ కొత్త బానిసను కొనుక్కొచ్చాడనుకున్నారు. కాదు, నా తోడబుట్టిన హాషిం కొడుకని ఆయన మొత్తుకున్నా ‘ముత్తలిబ్ బానిస’ అన్న పిలుపే నిలిచిపోయిందని సంప్రదాయ చరిత్రలు చెబుతాయి. అలా అబ్దుల్ ముత్తలిబ్ అయిన ఆయన తన కొడుక్కు అబ్దుల్లా అని పెట్టుకున్నాడు. తండ్రి పేరులో యజమాని మనిషి, కొడుకు పేరులో యజమాని దేవుడు. ఇస్లాం వచ్చాక ఆ మొదటి దారి మూసుకుపోయింది. అబ్ద్ తర్వాత అల్లా అన్నా రావాలి, రహ్మాన్, కరీం, అజీజ్ వంటి ఆయన నామాల్లో ఒకటన్నా రావాలి. అల్లాకు అన్నిటికన్నా ఇష్టమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్ రహ్మాన్ అని సహీహ్ ముస్లింలో హదీసు ఉంది.

అక్కడ ఒక్క గుమ్మమే ఉంటే మన దాసుకు గుమ్మాల లెక్కే లేదు. రామదాసు, శివదాసు, కాళిదాసు, గురుదాసు అందరూ దాసులే. దేవుడికే కాదు, భక్తుడికీ దాసుడు కావచ్చు. రామానుజులు మనిషే అయినా శ్రీవైష్ణవులు రామానుజ దాసులమని చెప్పుకుంటారు. పైగా మనలో పేరుమోసిన దాసులు పుట్టుకతో దాసులు కారు. కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడి, కీర్తనలు పాడి రామదాసయ్యాడు. ఆదిభట్ల సూర్యనారాయణ కాలికి గజ్జె కట్టి, హరికథ చెప్పి నారాయణదాసయ్యాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను అచ్చతెలుగులోకి దించినదీ ఈ దాసుగారే. ముస్లిం ఇంట ఏడోరోజున అఖీఖా బలి ఇచ్చి, పసివాడి తల గొరిగించి, ఆ జుట్టు బరువుకు సరిపడా వెండి దానమిచ్చి అబ్దుల్లా అని పిలుస్తారు. కాగా మన గోపన్నకు ఆ పేరు దక్కడానికి సగం జీవితం పట్టింది. ఒకటి కన్నవాళ్ళ కోరిక, మరొకటి లోకమిచ్చిన సాక్ష్యం.

ఈ రెండు పేర్లూ గోల్కొండలో ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. 1626 నుంచి 1672 దాకా ఏలినవాడు అబ్దుల్లా కుతుబ్ షా. ఆయన తర్వాత గద్దెనెక్కిన అల్లుడు తానీషా చెరలోనే రామదాసు పాడాడు. నిన్నటి సుల్తాను పేరులో దేవుడి దాసుడు, నేటి ఖైదీ పేరులో రాముడి దాసుడు. సింహాసనం మీదైనా సంకెళ్ళలోనైనా ఆ మాట తలవంపు అనిపించలేదు.

మరి అసలు తేడా ఎక్కడుంది? మనం బిడ్డకు దేవుడి పేరే తిన్నగా పెట్టేస్తాం. వెంకటేశ్వర్లు, నారాయణ, సుబ్రహ్మణ్యం అంటూ రోజుకు వందసార్లు కేకేస్తాం. చావుఘడియలో కొడుకును నారాయణా అని పిలిచి గట్టెక్కిన అజామిళుడి కథ తెలుగు భాగవతం చదివినవాళ్ళందరికీ తెలుసు. పిలుపే పుణ్యమైనచోట దాసు అన్న తోక ఉన్నా సరే, లేకున్నా సరే. అరబ్బీలో అలా కుదరదు. రహ్మాన్ అన్నది దేవుడికే చెందిన పేరు. మనిషికి అది తగలాలంటే ముందు అబ్ద్ నిలబడాలి. అందుకే పట్టింపున్నవాళ్ళు అబ్దుర్ రహ్మాన్ అని నిండుగా పిలుస్తారు. మన ఆఫీసుల్లో మాత్రం హాజరుపట్టీ చూసి ‘అబ్దుల్’ అని ఊరుకుంటాం. ఎవరి దాసుడో చెప్పకుండానే మాట ఆగిపోతుంది. రామదాసునైతే రాముడూ అన్నా పలుకుతాడు, దాసూ అన్నా పలుకుతాడు. మన దాసు వినయం కాగా, అరబ్బీ అబ్ద్ సరిహద్దు.

సరిహద్దు గట్టిదే గానీ, ప్రేమ దాని పక్కనే ఇంకో దారి వెతుక్కుంది. ప్రవక్తను గానీ అలీని గానీ యజమానిగా చెప్పుకోవాలనుకున్నవాళ్ళకు మన ఉపఖండంలో గులాం అన్న మాట అక్కరకొచ్చింది. గులాం రసూల్, గులాం అలీ వంటి పేర్లు మనకు కొత్త కాదు. 1968లో హైదరాబాద్‌లో కన్నుమూసిన గాయకుడు బడే గులాం అలీ ఖాన్ పేరు అలాంటిదే. మన రామానుజ దాసుడి పక్కన ఈ పేరు ఇమిడిపోతుంది.

కొత్తగా గడప దాటి వచ్చినవాణ్ణి చేర్చుకునే పనీ ఈ పేర్లది. ఇస్లాం పుచ్చుకున్నవాడి తండ్రి పేరు చోట ఉస్మానీ తుర్కుల పత్రాల్లో అబ్దుల్లా అని రాసేవారు. మలేసియాలో ఇప్పటికీ అలాంటివాళ్ళలో చాలామంది ‘బిన్ అబ్దుల్లా’లే. కన్నతండ్రి ఎవరైనా ఆయనా దేవుడి దాసుడే కాబట్టి అది అబద్ధం కాదు. అలాగే వైష్ణవంలో పంచసంస్కారాలు పొందినవాడికి ఆచార్యుడు దాస్యనామం ఇస్తాడు. అయితే అక్కడ కొత్త పేరు తండ్రి చోట కూర్చుంటుంది, ఇక్కడ మనిషి మీదే వాలుతుంది.

రెంటికీ ఒకే మచ్చా ఉంది. నాలుగో వర్ణంవాడి పేరు సేవను సూచించాలని మనుస్మృతి చెప్పింది. అలాగే అరబ్బు వీధుల్లో నల్లవాళ్ళను అబీద్ అని తిట్టడం నేటికీ పోలేదు. బానిసల సంతలో మనిషికి వేసిన పేరునే దేవుడి పక్కన పెట్టి రెండు సంప్రదాయాలూ గౌరవం చేశాయి. దేవుడికి దాసుడైనవాడు ఇంకెవరికీ దాసుడు కాడన్న ధీమా ఆ గౌరవంలో ఉంది. సంత మాత్రం ఆ ధీమాను ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు.

చలామణిలో చూస్తే అబ్దుల్లాదే పైచేయి. జోర్డాన్‌ను 1999 నుంచి ఏలుతున్నది రెండో అబ్దుల్లా, సౌదీని 2005 నుంచి 2015 దాకా ఏలిందీ ఒక అబ్దుల్లాయే. ఉర్దూలో అదే పేరు సంబంధంలేని పెళ్ళిలో గంతులేసేవాడికి మారుపేరు. దేవదాసుకు రాజయోగం పట్టలేదు గానీ హాస్యయోగం తప్పలేదు, గడ్డం పెంచిన ప్రతి కుర్రాడికీ ఆ బిరుదు ఇచ్చేశాం. సినిమా తాకని దేవదాసు తెలుగు క్రైస్తవంలో బతికాడు, బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారి పేరు అందుకు సాక్ష్యం. అక్కడే ఏసుదాసులూ ఉన్నారు. అరబ్బు క్రైస్తవుల్లో వాళ్ళ సోదరుడు అబ్దుల్ మసీహ్, అంటే క్రీస్తు దాసుడు. ఖురాన్‌లో ఉయ్యాలలోని ఈసా తాను అల్లా దాసుణ్ణని చెబుతాడు, అదే ఈసా మన ఏసుదాసు పేరులో యజమాని.

రాయలసీమలో పీరుకు మొక్కుకుని కన్న బిడ్డకు హిందువులు కూడా దస్తగిరి అని పెట్టుకుంటారు. దస్తగీర్ బాగ్దాద్ సూఫీ అబ్దుల్ ఖాదర్ జీలానీ బిరుదు. తనను దేవుడి దాసుడిగా చెప్పే పేరున్న ఆయన్ని, మన తల్లులు దాస్యం ఊసు లేకుండా తిన్నగా బిడ్డ నెత్తిన పెట్టుకున్నారు, వెంకటేశ్వర్లును పెట్టుకున్నట్టే. పీరును అరువు తెచ్చుకున్నా పిలిచే తీరు మాత్రం మనదే. పేర్లు మతం మారినంత సులువుగా పిలుపు అలవాట్లు మారవు.