పట్టుకోవాలి, వదలాలి

తొలినాటి యుద్ధవిమానాల గురించి చదివేవాళ్ల దృష్టి సాధారణంగా ఇంజన్ల మీద, తుపాకుల మీద ఉంటుంది. నా మనసు మాత్రం పైలట్‌ను సీటుకు కట్టే పట్టీ దగ్గరే ఆగిపోతుంది. అందులోని పనితనానికి రావలసినంత పేరు రాలేదని నా బాధ.

1910లో అమెరికా సైన్యానికి ఉన్నది ఒకే విమానం, రైట్ సోదరులు తయారుచేసింది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో దాన్ని నడిపిన బెంజమిన్ ఫులోయ్ రెక్క మీదే, చుట్టూ ఏ ఆసరా లేకుండా కూర్చోవాలి. ఒకసారి కుదుపుకు పడిపోబోయి తప్పించుకున్నాక, గుర్రాల జీనులు కుట్టే పనివాళ్ల చేత తోలుపట్టీ చేయించుకున్నాడు.

అయినా చాలామంది పైలట్లు పట్టీకి ఒప్పుకోలేదు. వాళ్లది మూర్ఖత్వం కాదు. కూలితే పెట్రోలు అంటుకుంటుంది. ఇంజన్ వెనకుంటే వచ్చి మీదపడుతుంది. కట్టేసి ఉంటే బయటపడేదెలా? మరోవైపు పట్టీ పట్టి ఉంచకపోతే ఏమవుతుందో కూడా తెలిసింది: 1915 మేలో బెల్జియం మీద ఎగురుతూ బ్రిటిష్ పైలట్ లూయీ స్ట్రేంజ్ ఇరుక్కున్న తుపాకీ మేగజీన్ ఊడదీస్తుంటే విమానం తలకిందులైంది. ఆ మేగజీన్‌నే పట్టుకుని గాల్లో వేలాడి, ఎలాగో సీట్లోకి చేరి బతికాడు.

అంటే మంచి పట్టీ రెండు పనులూ చేయాలి: ప్రాణం పోతున్నా వదలకూడదు, కావాలనుకుంటే క్షణంలో వదలాలి. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్ ఆలివర్ సట్టన్ రూపొందించిన హార్నెస్‌లో ఆ జవాబుంది. భుజాల మీదుగా రెండు పట్టీలు, తొడల మీదుగా రెండు; నాలుగూ ఒకే పిన్ను దగ్గర కలుస్తాయి. పిన్ను లాగితే నాలుగూ ఊడిపోతాయి. రెండో ప్రపంచయుద్ధంలోనూ బ్రిటిష్ వైమానిక దళం దాన్ని వాడింది.

పట్టీయే గాయపరిచిన సంగతీ ఉంది. 1917లో పైలట్ శిక్షణలో విమానాలు ఢీకొని హ్యూ డిహేవెన్‌కు కడుపులోని అవయవాలు చితికిపోయాయి. బెల్టు బకిల్ వల్లే అలా జరిగిందని ఆయన గ్రహించాడు. ప్రమాదాల్లో శరీరానికి ఏమవుతుందో తర్వాత ఏళ్ల తరబడి పరిశోధించాడు. 1955లో రోజర్ గ్రిస్వోల్డ్‌తో కలిసి కార్లకు మూడు చోట్ల పట్టివుంచే బెల్టుకు పేటెంటు పొందాడు. 1959లో కార్ల సంస్థ వోల్వో తెచ్చిన అలాంటి బెల్టును రూపొందించిన నీల్స్ బొహ్లిన్ కూడా అంతకుముందు విమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేసినవాడే.

పైలట్ల భయాన్ని ఎగతాళి చేసి ఉంటే సట్టన్ పిన్ను పుట్టేది కాదు. కారు వెనకసీట్లో బెల్టు వద్దనేవాళ్లనూ, హెల్మెట్ తీసి బండికి తగిలించేవాళ్లనూ మనం తిడతాం. కానీ ఎక్కడ నొక్కుతోందో, దేనికి భయమో ముందు అడగాలి. ఆ జవాబు విని మళ్లీ తయారుచేసేవాడే నిజమైన పనిమంతుడు.