ఫాగిన్‌ని పేరుతో పిలిచిన చోటు

ఆలివర్ ట్విస్ట్ ఎనిమిదో అధ్యాయంలో ఫాగిన్ మొదటిసారి కనిపించినప్పుడు పొయ్యి మీద సాసేజీలు వేయిస్తుంటాడు. ఆకలితో వచ్చిన పిల్లాడికి తిండి పెడతాడు. అయినా భయమేస్తుంది. కథకుడు అతన్ని పేరుతో పిలవడం తక్కువ, "ఆ యూదుడు" అనడమే ఎక్కువ. మొదటి 38 అధ్యాయాల్లో 250 సార్లకు పైనే.

విజయవాడలో ఈ నవల సంక్షిప్త రూపం నా చేతికొచ్చేనాటికి నాకు తెలిసింది గుడ్‌ఫ్రైడే ప్రసంగాల్లో వినిపించే ఇస్కరియోతు యూదా ఒక్కడే. యూదా, యూదుడు: ఆ వయసు చెవికి రెండూ ఒకటే. గోనెసంచి బూచాడి స్థానంలోకి ఫాగిన్ సులువుగా వచ్చేశాడు. కాకపోతే బూచాడికి కులం, మతం, ఊరు ఉండవు. యూదులు నిజంగా ఉన్నారు. గుంటూరు దగ్గర చేబ్రోలులోనే ఉన్నారు: బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లు. వాళ్ల పిల్లల చేతికీ ఈ పుస్తకం రావచ్చు కదా.

1863లో ఎలైజా డేవిస్ అనే యూదు మహిళ అభ్యంతరం చెబుతూ డికెన్స్‌కి ఉత్తరం రాసింది. ఆయన మొదట సమర్థించుకున్నాడు. తర్వాత 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో రియా అనే మంచి యూదుణ్ణి పెట్టాడు. నిజం చెప్పాలంటే రియా బోర్; మంచితనం తప్ప ఇంకేమీ లేని మనిషి. నాకు నచ్చింది 1867 ముద్రణలో ఆయన చేసిన పని. "ఆ యూదుడు" అన్న మాటని చాలాచోట్ల తీసేసి ఫాగిన్ అనో, "అతను" అనో మార్చాడు. అప్పటికే మొదటి అధ్యాయాలకి అచ్చు కూర్చేశారు కాబట్టి అవి అలాగే ఉండిపోయాయి. మా ఆఫీసు భాషలో, ప్యాచ్ సగం ఫైలుకే పడింది.

తేడా 52వ అధ్యాయంలో తెలుస్తుంది. శీర్షికలో యూదుడు పోయి ఫాగిన్ వచ్చాడు. ఉరికి ముందు రాత్రి, జైలు గదిలో, ఈసారి భయపడుతున్నది అతనే. పేరున్న ముసలాయన మీద జాలి కలుగుతుంది.

మన దగ్గరా ఇలాంటిదే ఒకటుంది. బ్రిటిష్‌వాళ్లు నేరస్థ జాతిగా ముద్రవేసిన ఎరుకలవాళ్ల కోసం బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. 1991 చిరంజీవి సినిమా నుంచి 2023 'టైగర్ నాగేశ్వరరావు' దాకా తెర మీద ఆ ఊరంటే దొంగలే. ఒక్క నాగేశ్వరరావుకి పేరు దొరికింది, మిగతా ఊరికి ఇంకా లేదు.

పిల్లలకి ఆలివర్ ట్విస్ట్ ఇవ్వొద్దని నేననను. సంక్షిప్తం చేసేవాళ్లు ఎలాగూ ప్రతి వాక్యం మళ్లీ రాస్తారు. డికెన్స్ వదిలేసిన ఆ 38 అధ్యాయాల్లోనూ ఫాగిన్ అని రాస్తే కథకి ఒక్క మలుపూ తగ్గదు.